ఉచిత ప్రకటనలో పక్కింటి నంబరు

భవానీపురంలో మా పరుపుల షాపుకు సొంత ఫోను ఉండేది కాదు. విజిటింగ్ కార్డు మీద మాత్రం ఒక నంబరు ఉండేది, దాని పక్కన పి.పి. అని రెండక్షరాలు. ఆ రెండక్షరాలు చూస్తే ఆ రోజుల్లో ఎవరికైనా తెలిసిపోయేది. ఈ ఫోను వీళ్ళది కాదు, పక్కింటివాళ్ళది, వేళ చూసుకుని చేయాలి, ఎత్తినవాళ్ళతో మర్యాదగా మాట్లాడి పిలిపించుకోవాలి అని. సగం ఊరు అలాగే బతికింది. సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ మా చేతుల దాకా ఇంకా రాలేదు. ఇంట్లో ఫోను పెట్టించుకుందామంటే అద్దె ఇల్లు, దరఖాస్తు మీద ఇంటాయన సంతకం కావాలి. ఆయన గోడకు మేకు కొట్టనిచ్చే మనిషే కాదు.

కార్డు మీది నంబరు పక్కింటి పిన్నిగారిది. వాళ్ళాయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. మాకు ఫోను వస్తే పిన్నిగారు పెరట్లోకి వచ్చి గోడ మీదుగా "అమ్మాయ్, ఫోనే" అని ఒక్క కేక వేసేవారు. నేను చేతిలో పని వదిలేసి, తల మీద కొంగు సర్దుకుంటూ వాళ్ళ వంటింటి గుమ్మం గుండా పరిగెత్తేదాన్ని. పి.పి. ఫోనుకు వెళ్ళినవాళ్ళకు కొన్ని పద్ధతులుండేవి. కూర్చోకూడదు. నవ్వుకుంటూ సాగదీయకూడదు. పెట్టేశాక, వాళ్ళు అడగకపోయినా, ఎవరు చేశారో ఎందుకు చేశారో ఒక ముక్క చెప్పి రావాలి. పండగకు ఏదో ఒకటి ఇవ్వాలి. పిన్నిగారు మా ఇంట్లో వండింది తినరు కాబట్టి రంజాన్‌కు నేను పళ్ళు పంపేదాన్ని, ఆవిడ ఉగాదికి పచ్చడి గిన్నెతో గోడ దగ్గరకు వచ్చేవారు. ఆ విషయంలో ఎవరూ నొచ్చుకునేవాళ్ళు కాదు. నెలకు నాలుగైదు ఫోన్లు వచ్చేవి, అంతే.

ఆ ఫోను పిన్నిగారికి ఎందుకు ప్రాణమో కూడా నాకు తెలుసు. పామర్రులో ఆవిడ అక్కగారికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. రోజూ ఎవరో ఒకరు మాట్లాడిస్తూ ఉంటే మాట తిరిగి వస్తుందని డాక్టరు చెప్పాడట. అందుకని రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు పామర్రులో కోడలు నంబరు కలిపి రిసీవరు ఆవిడ చెవి దగ్గర పెట్టేది. ఇక్కడ పిన్నిగారు స్టూలు మీద కూర్చుని ఆ రోజు కూర ఏమిటో, పాలవాడు ఏమన్నాడో, ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పుకుపోయేవారు. మొదట్లో అవతల నుంచి "ఆ" తప్ప ఏమీ వచ్చేది కాదు. కొన్ని వారాలకు "అమ్మ" వచ్చింది. ఒకరోజు "వంకాయ" వచ్చింది. ఆ వంకాయ సంగతి పిన్నిగారు మా వీధి వీధంతా తిరిగి చెప్పారు, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ.

మా సంగతికి వస్తాను. మా ఆయన చేతి పరుపులు కుట్టేవారు. దూది ఏకడం, కవరులో సమంగా పరచడం, మూర పొడవు సూదితో టాకాలు వేయడం, అన్నీ ఆయనే. మా మామగారి నుంచి వచ్చిన పని. కృష్ణా జిల్లాలో ఆడపిల్లను కాపురానికి పంపేటప్పుడు మంచం, పరుపు, దిండ్లు కూడా పంపిస్తారు కాబట్టి ముహూర్తాలుంటే మాకు పని ఉండేది. అలాంటిది బందరు రోడ్డు మీద ఫోము పరుపుల షోరూములు వచ్చాయి. అద్దాల తలుపులు, లోపల ఏసీ, వాయిదాల పద్ధతి. జనం పరుపు కొనడానికి వెళ్ళేవాళ్ళో చల్లగాలికి వెళ్ళేవాళ్ళో గానీ, వెళ్ళేవాళ్ళు. నాకు ఆ రోడ్డు మీద బస్సులో వెళ్తుంటేనే ఒళ్ళు మండేది. మా ఆయన మాత్రం ఏమీ అనేవారు కాదు. పొద్దున్నే షాపు తీసి, ఊడ్చి, సూదులు తుడిచి పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవారు. ఆ కూర్చోవడం చూడలేకపోయేదాన్ని.

ఒకరోజు పాత పరుపు విప్పి మళ్ళీ కుట్టించుకోవడానికి వచ్చిన ఒకాయన, తన స్కూటరు ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టి అమ్మేశానని చెప్పాడు.

"పేపరోళ్ళకు ఇచ్చినట్టు డబ్బులేం ఇవ్వక్కర్లేదమ్మా. ఊరికే పెట్టుకోవచ్చు. మూడో రోజు ఫోనొచ్చింది" అన్నాడు.

ఊరికే అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. ఇంటర్ అయ్యాక టైపు నేర్చుకుని హయ్యరు పాసైన దాన్ని నేను. పెళ్ళయ్యాక ఆ వేళ్ళకు పరుపు కవర్లు కుట్టడం తప్ప పని లేకపోయింది. మర్నాడే ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాను. అట్ట గదుల్లో వరసగా కుర్రాళ్ళు, ఒక చివర నేను. సెంటరు ఆయన ఈమెయిలు ఒకటి తెరిచి ఇచ్చి, ఉచిత ప్రకటనల పేజీ చూపించి వెళ్ళిపోయాడు. మిగతాదంతా నేనే చేశాను. సరుకు ఏమిటి, ఏ ఊరు, నాలుగు ముక్కల వివరం, ఫోను నంబరు.

నంబరు పక్కన అలవాటుగా పి.పి. అని కొట్టాను. ఎర్రక్షరాలు వచ్చాయి. అంకెలు తప్ప ఇంకేమీ పట్టవట ఆ గడిలో. సరేలే అని ఆ రెండక్షరాలు చెరిపేశాను. పైగా మిగతావాళ్ళ ప్రకటనలు చూసి నేను కూడా "ఎప్పుడైనా ఫోను చేయవచ్చు" అని ఇంగ్లీషులో ఒక వాక్యం తగిలించాను. ఎవరి ఇంటికి, ఎవరి ఫోనుకు ఎప్పుడైనా చేయమంటున్నానో ఒక్క క్షణం ఆలోచించలేదు. కార్డు మీద ఎన్నేళ్ళనుంచో ఉన్న నంబరేగా అనుకున్నాను. పిన్నిగారిని అడగాలని కూడా తోచలేదు.

ఊరికే వచ్చేదాని దగ్గర నా బుద్ధి ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. కొత్త ప్రకటనలు పడేకొద్దీ మనది కిందికి జారిపోతుంది. అందుకని రోజు విడిచి రోజు వెళ్ళి మళ్ళీ పెట్టేదాన్ని. ఫర్నిచరు కింద ఒకటి, ఇంటి సామాను కింద ఒకటి, పెళ్ళి ఏర్పాట్ల కింద ఒకటి. విజయవాడ అయ్యాక గుంటూరు, ఏలూరు, హైదరాబాదు. ఒకరోజు ఏం పూనిందో బెంగుళూరులో కూడా పెట్టాను. బెంగుళూరు నుంచి దిండు కోసం భవానీపురం ఎవరొస్తారని మా ఆయన అడిగితే, ఊరికేగా, పోయేదేముంది అన్నాను.

నాలుగో రోజున మొదటి ఫోను వచ్చింది. గన్నవరం నుంచి, కూతురి పెళ్ళికి జత పరుపులు కావాలని ఒకావిడ. ఆ సాయంత్రం మా ఆయన బూరుగు దూది మూట విప్పుతూ పాట పాడుకున్నారు. ఆయన పాడగా విని ఏడాది పైనే అయింది. ఆ తర్వాత ఉయ్యూరు నుంచి ఒకటి, పటమట నుంచి రెండు. పిన్నిగారు నాకన్నా ఎక్కువ సంబరపడ్డారు. నేను వెళ్ళేలోపు ఆవిడే "బూరుగు దూదా, మామూలు దూదాండీ? దిండ్లు కూడా కావాలా?" అని అడిగి ఉంచేవారు. ఇవన్నీ మధ్యాహ్నం అక్కగారికి కూడా చెప్పేవారట.

నెల తిరిగేసరికి ఫోన్లు రోజుకు పది, పదిహేను అయ్యాయి. అందులో పరుపు కొనేవాళ్ళు ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళలో మా ప్రకటన పైన పెట్టిస్తామనేవాళ్ళు, మాకే ఫోము అమ్మాలని చూసేవాళ్ళు, హిందీలో ఏదో అడిగేవాళ్ళు, తెల్లవారకుండానే రేటు కనుక్కుని పెట్టేసేవాళ్ళు. పిన్నిగారికి హిందీ రాదు. ఎవరు హిందీ మాట్లాడినా "ఉండండి, అమ్మాయిని పిలుస్తా" అని పెరట్లోకి వచ్చేవారు. కేకలో "అమ్మాయ్" మిగిలింది గానీ వెనకటి హుషారు పోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోయిన వాసన రెండు మూడుసార్లు మా ఇంటి దాకా వచ్చింది. ఆవిడ ఒక్క మాట అనలేదు.

అన్నది మాస్టారు. అదీ ఎంతో నెమ్మదిగా, గేటు దగ్గర నన్ను ఆపి.

"తప్పుగా అనుకోమాకమ్మా. మీ వ్యాపారం బాగుండాలనే మేమూ కోరుకుంటాం. కాకపోతే ఈ ఫోన్లు మరీ ఎక్కువయినయ్యి. పాలు, నిద్ర, అయ్యన్నీ సర్లే. మధ్యాహ్నం రెండింటికి మటుకు లైను ఖాళీగా ఉండాలి. మీ పిన్నిగారి సంగతి నీకు తెలుసుగా."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "ఇవాళే తీసేస్తానండీ మాస్టారూ" అన్నాను. అప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను.

వెంటనే సెంటరుకు వెళ్ళాను. పాస్‌వర్డు గుర్తు రాలేదు. రోజు విడిచి రోజు పెట్టేదాన్నే అయినా, ఆ కంప్యూటరే గుర్తుపెట్టుకుని లోపలికి పంపేది కాబట్టి నేను ఎప్పుడూ కొట్టలేదు. ఆ రోజు ఆ కంప్యూటరు చెడిపోయి వేరే దాని ముందు కూర్చున్నాను. నాలుగైదు సార్లు ఏవేవో కొట్టాక, మీ అమ్మ పుట్టిన ఊరేదని అదే అడిగింది. చెప్పాను. తలుపు తెరుచుకుంది. నేను పెట్టిన ప్రకటనలన్నీ వరసగా కనిపించాయి. పక్కనే, అన్నీ ఒకేసారి తీసేయడానికి ఒక బటను. నొక్కితే, నిజంగా తీసేయమంటారా అని ఇంకో ప్రశ్న.

దాని ముందు ఎంతసేపు కూర్చున్నానో. మాఘమాసం మూడు వారాల్లో రాబోతోంది. ఆ ముహూర్తాలను నమ్ముకునే మా ఆయన దూది తెప్పించారు. నంబరు మార్చుకుందామా అంటే ఇంకో నంబరు ఉండాలి కదా. ముహూర్తాలయ్యాక సెల్లు కొందాం, అప్పుడు మారుద్దాం, ఈ మూడు నాలుగు వారాలు ఎలాగో గడిచిపోతాయి అనుకున్నాను. వద్దు అన్న బటను నొక్కి బయటికి వచ్చేశాను.

దారిలో ఏం చెప్పాలో కూర్చుకున్నాను. పిన్నిగారు గేటు దగ్గరే ఎదురయ్యారు.

"తీసేశావా అమ్మాయ్?"

"లేదండీ పిన్నిగారూ. పాస్‌వర్డు పోయిందండీ. అది లేకపోతే తీయడానికి రాదంట."

"అయ్యో. అదేంటే, ఆ ఇంటర్నెట్టు తాలూకు మనిషినెవర్నన్నా అడగలేకపోయావా?"

"ఎక్కడుంటారో ఎవరికీ తెలవదండీ."

ఆవిడ నమ్మారు. నమ్మడమే కాదు, ఊరికే శ్రమపడ్డానని జాలిపడ్డారు కూడా. "పోన్లే, ఏం చేస్తాం. రెండింటప్పుడు చెయ్యొద్దని నేనే చెప్తాలే వచ్చినోళ్ళందరికీ" అన్నారు. ఆ రోజు నుంచి చేసిన ప్రతివాళ్ళకూ చెప్పారు. బెంగుళూరు నుంచి చేసినవాడికి కూడా తెలుగులోనే చెప్పారు.

రెండు వారాలు అలాగే నడిచాయి. రెండు గంటలకు ఫోను మోగితే గోడకు ఇవతల నేను గుండె చేత్తో పట్టుకుని వినేదాన్ని. పిన్నిగారి గొంతు "అక్కా" అని వినబడితే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఒక రోజు గడిచిందని లెక్క వేసుకునేదాన్ని.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, రెండు కావడానికి ఇంకా అయిదు నిమిషాలుండగా, "అమ్మాయ్, ఫోనే. త్వరగా రా" అని కేక వినిపించింది. వెళ్ళేటప్పుడు గడియారం చూసుకునే వెళ్ళాను. అవతలివాడు గన్నవరం దగ్గర ఏదో కాలేజీ హాస్టలు మేనేజరు. ఇంటర్నెట్‌లో చూశానన్నాడు. అరవై పరుపులు కావాలన్నాడు.

అరవై. మా షాపు పుట్టినప్పటి నుంచి అంత ఆర్డరు వినలేదు. కొలతలు చెప్పాడు, రాసుకున్నాను. కవరు గుడ్డ ఏ రకం అని అడిగాడు, చెప్పాను. ఉండమని ఇంకొకాయనకు ఇచ్చాడు, ఆయనకు మొదటినుంచీ అన్నీ మళ్ళీ చెప్పాను. రేటు దగ్గర బేరం మొదలైంది. పిన్నిగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఒకసారి గడియారం వైపు చూశారు, ఒకసారి నా వైపు చూశారు. పెట్టేయమని చెప్పడం ఆవిడకు చేతకాదు. ఒక్క అయిదు నిమిషాల్లో నేనే మళ్ళీ చేస్తానండీ అని వాళ్ళకు చెప్పి ఉండొచ్చు నేను. పెట్టేస్తే ఇంకో షాపుకు చేస్తారేమోనని భయం. ఆవిడ చూపు తగలకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాను. అలా తిరగడం నాకు ఈ రోజుకీ గుర్తుంది.

రిసీవరు పెట్టేసరికి రెండున్నర దాటింది. పిన్నిగారు వెంటనే పామర్రు కలిపారు. నేను అక్కడే ఉన్నాను. అవతల కోడలు ఎత్తింది. అత్తయ్యగారు చూసి చూసి నిద్రపోయారనీ, లేపమంటారా అనీ అడిగినట్టుంది.

"వద్దులేమ్మా, పడుకోనీ. రేపు మాట్లాడుకుంటాం" అన్నారు పిన్నిగారు. నా వైపు తిరిగి, "మంచి బేరమేనా?" అని అడిగారు.

"అరవై పరుపులండీ" అన్నాను. ఆవిడ సంతోషంగా తల ఊపారు.

మర్నాడు పొద్దున పక్కింటికి తాళం వేసి ఉంది. ముందురోజు సాయంత్రం అక్కగారికి పక్షవాతం మళ్ళీ వచ్చిందని, ఈసారి స్పృహే లేదని, తెల్లవారి మొదటి బస్సుకే ఇద్దరూ పామర్రు వెళ్ళారని ఎదురింటావిడ చెప్పింది. మూడో రోజున పోయారని కబురు వచ్చింది. ఆ మధ్యలో తాళం వేసిన ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. పరుపుల కోసం చేసేవాళ్ళే అయ్యుంటారు. ఆ మోత వినలేక మా పెరటి తలుపు వేసేసుకునేదాన్ని.

కబురు వచ్చిన రోజే సెంటరుకు వెళ్ళాను. అదే బటను నొక్కాను. నిజంగా తీసేయమంటారా అంటే అవుననే నొక్కాను. అన్నీ పోవడానికి నిమిషం కూడా పట్టలేదు. సెంటరు ఆయన, అప్పుడే అయిపోయిందా అని అడిగాడు.

ఆ అరవై పరుపుల ఆర్డరు నిజంగానే వచ్చింది. రాకుండా పోయి ఉంటే బాగుండేదని కుట్టినన్నాళ్ళూ అనుకున్నాను, నన్ను నేను తిట్టుకోవడానికి కాస్త సులువుగా ఉండేది. మా ఆయన సంబరంగా కుడుతున్నారు, ఆయనకు ఏమీ చెప్పలేదు. దూది నలుసు కంట్లో పడిందని చెప్పి కళ్ళు తుడుచుకునేదాన్ని.

పన్నెండో రోజు అయ్యాక పిన్నిగారు తిరిగొచ్చారు. వెళ్ళడానికి ముఖం చెల్లక ఒక పూట ఆగి, సాయంత్రం వెళ్ళాను. ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని ఉన్నారు, సగానికి సగమైపోయారు. నన్ను చూసి పక్కన కూర్చోమన్నారు. ఆ ఇంట్లో కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

తర్వాత ఆవిడే మెల్లగా చెప్పారు.

"ఆ రోజు మధ్యాన్నం నాలుగుసార్లు చేయించిందంట. కోడలు ఎంగేజీ వస్తుంది అత్తయ్యా, ఎంగేజీ వస్తుంది అంటుంటే, 'పరుపులు' అందంట అక్క. అంత పెద్ద మాట దాకా అంతకుముందెప్పుడూ రాలా. ఆ పిల్లకు అర్థం కాలా, నాకు తెలుసు. మీ ఫోన్ల సంగతి నేను రోజూ చెప్పేదాన్నిగా, తెగ నవ్వేది. ఆ తర్వాత ఇంక మాట్లాడలేదంట."

నాకు ఏడుపు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఇప్పుడు చెప్పేయాలి, ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేను అని తెలుస్తూనే ఉంది. నోరు తెరిచాను. ఈలోపు ఆవిడే నా వీపు మీద చెయ్యి వేసి నిమిరారు.

"నువ్వెందుకే అంతగా ఏడుస్తావు. నీ తప్పేముంది ఇందులో. పాపం తీసేద్దామనే వెళ్ళావు, ఆ పాస్‌వర్డో ఏదో పోయిందాయె. రానిదానికి నువ్వు మటుకు ఏం చేస్తావు" అన్నారు.

"అవునండీ పిన్నిగారూ, పోయిందండీ" అన్నాను.